అర్ధాంతరం ఎలియోదోరో

ఎలియోదోరో యౌరి ఏ పనైనా మొదలుపెడతాడు, ఏ పనీ పూర్తి చేయడు. మనవాళ్లను ఆరంభశూరులని ఎవరో ఏనాడో అన్నారు గానీ, ఆ అన్న పెద్దమనిషి ఒక్కసారి ఈ కొండల మీది తార్మా ఊరికి వచ్చి ఎలియోదోరోను చూసి ఉంటే ఆ మాట వెనక్కి తీసుకుని మనకు దణ్ణం పెట్టి వెళ్లేవాడు. ఎలియోదోరో ఇంటి ముందుగోడ సగం నీలం, సగం మట్టి. ఊళ్లో ఎవరికైనా దారి చెప్పాలంటే "సగం నీలం ఇల్లు దాటాక ఎడమవైపు" అంటారు. ఉద్యోగం కూడా అతనికి అలాంటిదే దొరికింది. ముప్పై ఏళ్లు సినిమాహాల్లో టికెట్లు చింపాడు. విశ్రాంతి దాకా లోపల నిలబడి సినిమా చూసేవాడు, ఆ తర్వాత బయట సైకిళ్లకు కాపలా. ఆ ముప్పై ఏళ్లలో ఏ దొంగ దొరికాడో, ఏ జంటకు పెళ్లయిందో అతనికి తెలియదు. అడిగితే, "మొదలెట్టడం నా వంతు, మిగతాది దేవుడి వంతు" అనేవాడు.

అతనితో ఒకే బెంచీ మీద అయిదేళ్లు కూర్చుని చదివిన హెనోవేవా రిక్సేకు అతన్ని చూస్తే నవ్వు, జాలి రెండూ వచ్చేవి. పోయిన సంవత్సరం దాకా అంతే. ఆ తర్వాత సంగతి వేరు. అదే చెప్పబోతున్నాను.

వాళ్లది డెబ్బై నాలుగులో హైస్కూలు చదువు ముగించిన జట్టు. ముప్పై ఇద్దరిలో ఇప్పుడు ఊళ్లో కలిసేవాళ్లు పంతొమ్మిదిమంది. ఏటా సెప్టెంబరులో బడి పుట్టినరోజు వస్తుంది. శనివారం పాతవిద్యార్థుల విందు, ఆదివారం పొద్దున ఊరి కూడలిలో కవాతు. ఏ సంవత్సరం వాళ్లు ఆ సంవత్సరం జెండా పట్టుకుని, బ్యాండు దెబ్బకు ఎడమకాలు నేలకు తగిలేలా, మేయరుగారి ముందు నుంచి నడిచిపోవాలి. తాతలైనా సరే, ఆపరేషను కుట్లు ఆరకపోయినా సరే. బాగా నడిచిన జట్టుకు కప్పు ఇస్తారు. డెబ్బై నాలుగు జట్టుకు ఆ కప్పు ఒక్కసారి కూడా రాలేదు.

జెండా ఎప్పుడూ హెనోవేవాదే. బళ్లో ఆవిడ అడుగు తప్పడం ఎవరూ చూడలేదు. ఎలియోదోరో అడుగు కలవడం ఎవరూ చూడలేదు. బ్యాండు "ఢాం" అంటే అందరి ఎడమకాలూ పడేది, అతనిది కుడికాలు పడేది. కవాతు మాస్టరు మూడు నెలలు తిట్టి, రెండు నెలలు బతిమాలి, చివరికి "ఒరే నాయనా, నువ్వు గుడి మెట్ల మీద కూర్చుని అందరి సంచులూ చూసుకో" అన్నాడు. ఎలియోదోరో కూర్చున్నాడు. యాభై ఏళ్లుగా ఏటా ఆ మెట్ల మీదే సంచులు చూసుకుంటున్నాడు. జీవితంలో మానకుండా చేసిన పని అదొక్కటే.

ఇక శనివారం విందు. నేలలో గొయ్యి తవ్వి, ఎర్రగా కాలిన రాళ్ల మధ్య మాంసం, బంగాళాదుంపలు, పచ్చి చిక్కుళ్లు పేర్చి, పైన మట్టి కప్పేస్తారు. దాన్ని పచమాంకా అంటారు. మట్టి తీసేలోగా ప్రతివాళ్లూ లేచి రెండు ముక్కలు చెప్పాలి. పోయిన ఏడాది ఏం చేశాను, వచ్చే ఏడాది ఏం చేస్తాను. అందరూ చెప్పేదాకా మట్టి తీయకూడదని జట్టులోని అమాందా పెట్టిన రూలు. అందుకే ఆ జట్టులో బీపీ గురించి, మనవళ్ల మార్కుల గురించి ఎవరూ ఎక్కువసేపు మాట్లాడరు. మాట్లాడితే పక్కవాడు చెంచాతో కంచం వాయిస్తాడు.

ఒక్క ఎలియోదోరో లేస్తే మాత్రం ఎవరూ కంచం వాయించరు. ఆకలి మరచిపోయి వింటారు.

"పోయిన ఏడాది ఏం చేశావురా?"

"మొదలెట్టాను."

"ఈ ఏడాది?"

"ఇంకోటి మొదలెడతాను. కానీ ఒక్కణ్ణీ వెళ్లలేను. ఎవరైనా తోడు రావాలి."

అరవై దాటిన మొదటి ఏడు శాక్సోఫోను నేర్చుకుంటానన్నాడు. అద్దం ముందు నిలబడినా సిగ్గుపడే మాక్సిమో పోమాను తోడు తీసుకెళ్లాడు. తొమ్మిదో రోజున పెదవి వాచిందని ఇంట్లో పడుకున్నాడు. మాక్సిమో మానలేదు. ఇప్పుడు ఆ లోయలో మాక్సిమో శాక్సోఫోను లేకుండా పెళ్లి జరగదు.

తర్వాతి ఏడు ఇంటికి తనే రంగు వేస్తానని, అదే జట్టులోని ఉబాల్దీనాను పిలిచాడు. సగం గోడ అయ్యేసరికి నిచ్చెన మీద తల తిరిగింది. మిగిలిన రంగు, బ్రష్షులు ఆవిడకు ఇచ్చేసి, "తీసుకుపో తల్లీ, వీటిని చూస్తేనే వాంతి వస్తోంది" అన్నాడు. ఆవిడ వాటితో తన గోడ మీద పిచ్చుకలు వేసింది. పక్కింటివాళ్లు మా గోడ మీదా వేయమన్నారు. ఇప్పుడా వీధి వీధంతా పిచ్చుకలే.

అన్నిటికంటే ఘనం మూడో ఏడు. "నేను పెళ్లి చేసుకుంటాను" అన్నాడు. గొయ్యి చుట్టూ ఉన్నవాళ్లంతా పొట్టలు పట్టుకున్నారు.

"ఎవర్నిరా?" అన్నాడు తెయోఫిలో. ఇతను బస్సు డ్రైవరు, పెళ్లి కాలేదు.

"అమాందాను. మొగుడు పోయి పదేళ్లయింది. వెళ్లి అడుగుతాను. చేతులు వణుకుతాయి, పూలగుత్తి నువ్వు పట్టుకుని తోడు రా."

తెయోఫిలో మొహం పాలిపోయింది. అయినా వెళ్లాడు. తలుపు కొట్టాక ఎలియోదోరో కడుపు పట్టుకుని, "ఒరేయ్, ఇప్పుడే వస్తా" అని సందు మలుపు తిరిగి మాయమయ్యాడు. అమాందా తలుపు తీసేసరికి ఎదురుగా పూలగుత్తి పట్టుకుని తెయోఫిలో ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఏం మాట్లాడుకున్నారో మనకు తెలియదు. ఆరు నెలలకు పెళ్లయింది. మాక్సిమో శాక్సోఫోను వాయించాడు. ఎలియోదోరో సంచులు చూసుకున్నాడు.

పోయిన ఏటి విందులో హెనోవేవా వంతు వచ్చినప్పుడు, "ఏముంది, ఉన్నది చాలు" అని కూర్చుంది. ఏటా అంతే అంటుంది. అది అబద్ధం. ఆవిడ మొగుడు సతుర్నీనో పికప్ బండి మీద లా మెర్సెద్ నుంచి నారింజలు తెచ్చి అమ్మేవాడు. కొండల మీది చలి ఊరు నుంచి అడవి అంచు దాకా దిగే ఆ మలుపుల దారిలో ముప్పై ఆరేళ్లు ఆవిడ పక్క సీట్లో కూర్చుంది. ప్రతి మలుపూ ఒంటికి తెలుసు. ఒక్కసారి తనే నడుపుకుంటూ ఆ దారి దిగాలని ఆశ. సతుర్నీనో ఉన్నన్నాళ్లూ, "నువ్వు నడిపితే నేను కళ్లు మూసుకోవాలి" అని నవ్వేసేవాడు. అతను పోయి నాలుగేళ్లయింది. బండి కొట్టంలో పడి ఉంది, వెనక భాగంలో గినీ పందులు పిల్లలు పెడుతున్నాయి. కూతురు రొసేందా రాజధాని లీమా నుంచి ఫోను చేసి, "అమ్మా, వచ్చే ఏడాది అక్టోబరులో వచ్చి దాన్ని అమ్మేస్తాను, ఇంకెవరు నడుపుతారు?" అంది. హెనోవేవా ఫోను పెట్టేసి గినీ పందులకు గడ్డి వేసింది. అరవై ఆరేళ్ల ముసలిది డ్రైవింగు నేర్చుకుంటానంటే ఊరు నవ్వదా?

అప్పుడు ఎలియోదోరో లేచాడు. "ఈ ఏడాది డ్రైవింగు నేర్చుకుంటాను."

కంచాలు, చెంచాలు, గరిటెలు అన్నీ మోగాయి.

"ఒరేయ్ అర్ధాంతరం, సగం దారిలో దిగిపోతే బండిని ఎవడు ఆపుతాడురా?" అన్నాడు మాక్సిమో.

"నేర్పడానికి తెయోఫిలో ఉన్నాడు. బండి వేవా దగ్గర ఉంది. కానీ ఒక్కణ్ణీ వెళ్లలేను. వేవా, నువ్వు తోడు రావాలి."

హెనోవేవా "నా గినీ పందుల్ని ఎక్కడ పెట్టను?" అంది. ఒప్పుకున్నట్టే లెక్క.

పాఠాలు ఊరి చివర ఫుట్‌బాల్ మైదానంలో. మొదటిరోజు ఎలియోదోరో బండిని కదిలించలేకపోయాడు. రెండోరోజు కదిలించాడు, ఆపలేకపోయాడు. కార్నేషన్ పూలతోటలోకి వెళ్లి ఆగింది. మూడోరోజు ముందుకు పోవాల్సినవాడు వెనక్కి పోయి గోలుపోస్టును గుద్దాడు. అది ఇప్పటికీ ఒక పక్కకు వాలే ఉంటుంది. అటు గోలు కొట్టడం తేలికని కుర్రాళ్లు సంతోషంగానే ఉన్నారు. ఎలియోదోరో దిగి, తాళాలు హెనోవేవా చేతిలో పెట్టాడు.

"ఇది నా వల్ల కాదు. నువ్వు నేర్చుకో. బండి ఉత్తినే తిరిగి వెళ్లడం బాగుండదు."

"ఇంత పిరికివాడివేంట్రా?" అంది హెనోవేవా.

"మొదలెట్టడం నా వంతు" అంటూ నడిచి వెళ్లిపోయాడు.

ఆవిడకు పట్టుదల వచ్చింది. వాడు చేయలేనిది నేను చేసి చూపిస్తాననుకుంది. నలుగురూ నవ్వితే నవ్వేది వాడినే గానీ తనను కాదని ధైర్యం కూడా వచ్చింది. ఏడు నెలలు నేర్చుకుంది. తెయోఫిలో రెండుసార్లు దేవుణ్ణి తలుచుకున్నాడు, ఒకసారి బండిలోంచి దూకబోయాడు. చివరికి లైసెన్సు వచ్చింది.

ఆగస్టు చివర ఒక పొద్దున హెనోవేవా ఒక్కతే బయల్దేరింది. ఎడమ పక్క కొండ, కుడి పక్క లోయ, కింద నది. ప్రతి మలుపు దగ్గరా చెయ్యి తనంతట తానే తిరిగింది. చలి తగ్గింది, స్వెట్టరు విప్పింది, అరటిచెట్లు కనిపించాయి. లా మెర్సెద్ సంతలో బండి ఆపి, తాళం తీసి, పక్కన ఖాళీ సీటు చూసి, "చూశావా? కళ్లు మూసుకున్నావా, తెరిచావా?" అంది. తర్వాత ఒక్కతే కూర్చుని పడీపడీ నవ్వింది. ఆమెకు అంత సంతోషం ఎన్నేళ్లకో వచ్చింది.

వచ్చేటప్పుడు ఎలియోదోరోకని నారింజలు, కాఫీ గింజలు తెచ్చింది. కాస్త దెప్పి పోదామని కూడా. మర్నాడు సగం నీలం ఇంటికి వెళ్తే అతను లేడు. అతని అక్క దెల్ఫీనా ఉంది.

"గింజలు ఏదైనా డబ్బాలో పోసిపో అమ్మాయ్, నాకు నడుము వంగదు" అందావిడ.

హెనోవేవా అలమర మీద ఉన్న పాత పానెత్తోన్ రొట్టె డబ్బా తీసి మూత తెరిచింది. దెల్ఫీనా గబగబా లేచి వచ్చింది. వంగని నడుము ఎలా వంగిందో.

"అది కాదు, అది కాదు. అది ముట్టుకుంటే వాడు అన్నం మానేస్తాడు."

"ఏముందక్కా ఇందులో?"

"మీ ఓర్తెన్సియా టీచరమ్మ రాయించిన కాగితాలు. బడి చివరి వారం రాయించింది కదా, అరవై దాటాక ఏం చేస్తారు అని? దిద్దేలోగా ఆవిడకు బదిలీ అయింది. వీణ్ణి పిలిచి, 'నువ్వు కాపలా బాగా కాస్తావు, వీళ్లకు అరవై వచ్చేదాకా ఇవి దాచు' అందట. వీడు దాచాడు. విందుకు ముందు రోజు ఏటా ఒకటి పైకి తీసి, చదువుకుని, ఇంట్లో అటూ ఇటూ తిరుగుతాడు."

హెనోవేవా కాగితాలు ఒక్కొక్కటే తీసింది. "శాక్సోఫోను నేర్చుకుంటాను. ఎవరూ వినని చోట." మాక్సిమో రాత. "ఊళ్లో గోడలన్నిటికీ రంగు వేస్తాను. అప్పటికి తిట్టడానికి మా నాన్న ఉండడు." ఇది ఉబాల్దీనా. ఇంకోటి, తెయోఫిలోది, "అమాందాతో మాట్లాడతాను." ఈ మూడు కాగితాల మూలా పెన్సిలుతో చిన్న టిక్కు ఉంది.

తర్వాత తనది. ఇలాంటిది రాసినట్టే గుర్తులేదు. "లా మెర్సెద్ దాకా బండి నేనే నడుపుకుంటూ పోతాను. పక్కన ఎవరు కూర్చున్నా నోరు మూసుకుని కూర్చోవాలి." దాని మీదా టిక్కు ఉంది, కొత్తది.

"నిన్న పొద్దున నీ బండి వంతెన దాటుతుంటే అక్కడే నిలబడి చూశాడట" అంది దెల్ఫీనా. "ఇంటికొచ్చి పెన్సిలు చెక్కుకున్నాడు."

దారంతో విడిగా కట్టిన కాగితాలు కొన్ని ఉన్నాయి. పైది నికనోర్‌ది. నలభై ఏళ్లకే పోయాడు. "సముద్రంలో మెడ దాకా దిగుతాను" అని రాశాడు. దానికీ టిక్కు.

"ఇదెలా అక్కా? నికనోర్ పోయాడుగా."

"వీడు వెళ్లి దిగొచ్చాడు. ఈత రాదు. బస్సెక్కి వెళ్లి, మెడ దాకా దిగి, జ్వరం తెచ్చుకుని వచ్చాడు. ఎందుకురా అంటే, వాడు రాలేడు కదా అన్నాడు. పోయినవాళ్లవి మాత్రం చివరిదాకా చేస్తాడమ్మాయ్."

హెనోవేవా కుర్చీలో కూర్చుండిపోయింది. ఏడేళ్లుగా ఊరంతా నవ్వింది, తనూ నవ్వింది. అతను చేతకానివాడని అనిపించుకుంటే గానీ తమకు చేతనైన సంగతి తెలియలేదు. ఆ నవ్వునంతా ఒక్క మాట అనకుండా నెత్తిన పెట్టుకుని తిరిగాడు. అలాంటి మనిషి పక్కన అయిదేళ్లు కూర్చుని జవాబులు కాపీ కొట్టనివ్వలేదని తలుచుకుంటే ఆవిడకు సిగ్గేసింది.

డబ్బా అడుగున ఆఖరి కాగితం ఎలియోదోరోదే. టిక్కు లేదు. "ఒక్కసారి జెండా పట్టుకుని కూడలి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడుస్తాను. సంచులు ఇంకెవరైనా చూసుకుంటే."

ఆవిడ అన్నీ వరసగా పెట్టి మూత మూసింది. "నేను చూసినట్టు చెప్పకు అక్కా" అని, కాఫీ గింజలు నీళ్ల చెంబులో పోసి వచ్చేసింది.

ఈసారి విందు యాభయ్యో ఏటి విందు. మాక్సిమో లేచి ఒకటే చెప్పాడు, రేపు కప్పు కొట్టాలి. నెల రోజులుగా అందరూ అడుగు సాధన చేశారు. ఈసారి గెలిచేలాగే ఉన్నారు. హెనోవేవా వంతు వచ్చింది.

"పోయిన ఏడాది లా మెర్సెద్ దాకా బండి నడిపాను. బండి అమ్మనని మా అమ్మాయికి చెప్పేశాను. రేపు జెండా పట్టుకోవాలి. క్లచ్చు తొక్కీ తొక్కీ మోకాలు పోయింది. ఒక్కదాన్నీ నడవలేను. ఎలియో, నువ్వు తోడు రావాలి."

ఎలియోదోరో చేతిలోని కంచం కింద పెట్టాడు. "నాకు అడుగు కలవదు వేవా. పైగా సంచులు?"

"సంచులు నా బండిలో పెట్టి తాళం వేస్తా."

"వీడు పక్కనుంటే కప్పు పోయినట్టే" అన్నాడు మాక్సిమో.

"ఊరికే పక్కన నడుస్తాడులే. ముందు మట్టి తీయండి, ఆకలేస్తోంది" అంది అమాందా. ఆ మాటకు ఎదురు లేదు.

ఆదివారం పొద్దున కూడలి నిండిపోయింది. బ్యాండు మొదలైంది. డెబ్బై నాలుగు జట్టు మూల మలుపు తిరిగింది. ముందు జెండాతో హెనోవేవా, పక్కన పాత కోటులో ఎలియోదోరో. సరిగ్గా కూడలి మొదట్లో ఆవిడ, "అబ్బా, మోకాలు" అని జెండా కర్ర అతని చేతుల్లో పెట్టి, వెనక వరసలో మాక్సిమో పక్కకు జారుకుంది.

ఎలియోదోరో తిరిగి చూశాడు. "వేవా, ఆ డబ్బా తెరిచావా?"

"మొదలెట్టడం నా వంతు" అంది హెనోవేవా. "నడువు, మేయరుగారు చూస్తున్నారు."

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. జెండా పైకెత్తాడు. బ్యాండు "ఢాం" అంది. కుడికాలు వేశాడు.

జనం ఘొల్లుమన్నారు. హెనోవేవా ఒక అడుగు గెంతి తనూ కుడికాలు వేసింది.

"ఎడమే, ఎడమ" అని పళ్లు కొరికాడు మాక్సిమో. "కప్పు పోతుంది."

"నీకు శాక్సోఫోను ఎవడి వల్ల వచ్చిందిరా?"

"పెదవి వాచినవాడి వల్ల."

"ఎవరూ వినని చోట నేర్చుకుంటానని బళ్లో కాగితం మీద రాశావు. ఆ కాగితం వాడి దగ్గరుంది. అందరివీ ఉన్నాయి."

మాక్సిమో నాలుగడుగులు ఎడమతోనే నడిచాడు. అయిదో అడుగుకు గెంతి కుడికాలు వేశాడు. వెనక్కి తిరిగి తెయోఫిలోతో ఏదో అన్నాడు. తెయోఫిలో అమాందా వైపు చూశాడు, ఇద్దరూ గెంతారు. మాట వరసలు దాటుకుంటూ వెనక్కి వెళ్లింది. మేయరుగారి ముందుకు వచ్చేసరికి ఎలియోదోరోతో కలిపి పంతొమ్మిదిమంది ముసలివాళ్లూ బ్యాండుకు ఎదురు అడుగులో, ఒకే కాలుగా నడుస్తున్నారు. నవ్వేవాళ్లు నవ్వు ఆపేశారు. అంతమంది అంత బాగా తప్పు నడవడం ఆ ఊరు ఎప్పుడూ చూడలేదు. మైకు పట్టుకున్నాయనకు ఏం చెప్పాలో తోచక టోపీ తీశాడు.

కప్పు డెబ్బై ఎనిమిది వాళ్లకు పోయింది. డెబ్బై నాలుగు వాళ్లకు ఆ సంగతి సాయంత్రం దాకా తెలియలేదు. ఎందుకంటే కూడలి చివర ఎలియోదోరో ఆగలేదు. ఊరి కళ్ల ముందు ఏ పనీ చివరిదాకా చేసినవాడు కాడు కదా, చివర వస్తే ఏం చేయాలో అతనికి తెలియదు. జెండా పైకెత్తి బజారు దాటాడు, వంతెన దాటాడు, పూలతోటల పక్క నుంచి సాగిపోయాడు. జట్టంతా కుడికాలు వేస్తూ వెనకే.

"ఒరేయ్ ఎలియో, అయిపోయిందిరా" అని అరిచాడు తెయోఫిలో.

"ఇంకొంచెం" అన్నాడు ఎలియోదోరో, వెనక్కి తిరగకుండా.

సగం నీలం ఇల్లు కనిపించేదాకా నడిచారు. ఉబాల్దీనా ఆ గోడ వంక చూసి, "రేపు పొద్దున బ్రష్షులు తెస్తాను, మిగతా సగం వేసేద్దాం" అంది. "నువ్వు నిచ్చెన ఎక్కకు."

హెనోవేవా అరుగు మీద కూలబడి చెప్పు విప్పింది. ఈసారి మోకాలు నిజంగానే నొప్పి పెడుతోంది.